నెల జీతం లేని పాట – ఘంటసాల జీవితం

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఈ ప్రాంతపు పెద్దల్లో ఒకరి జీవితం రాయమని సంపాదక వర్గం వారు కోరారు. జెండా వెంకయ్య గారి గురించి, పట్టాభి గారి గురించి, ముట్నూరి కృష్ణారావు గారి గురించి నాకంటే బాగా రాయగల గురువులూ మిత్రులూ మనలో చాలామంది ఉన్నారు. నేను పాటవాణ్ణి కనుక గుడివాడ పక్కన చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు గారిని ఎంచుకున్నాను.

ఆయన గొంతు గురించి కొత్తగా చెప్పగలిగింది నా దగ్గర ఏమీ లేదు. ఆ గొంతు వినని తెలుగువాడు లేడు. నేను రాయదలచింది ఆయన రాబడి గురించి, ఆకలి గురించి, అప్పుల గురించి. ఇలాంటి సంచికలో ఇదేం విషయమని కొందరికి అనిపించవచ్చు. కారణం చెబుతాను. ముప్పై ఏళ్లుగా చిలకలపూడిలో పిల్లలకు హార్మోనియం, లలిత సంగీతం నేర్పుతున్నాను. పెళ్లిళ్లకూ, గుడి ఉత్సవాలకూ పాడుతున్నాను. పిల్లవాడి గొంతు బాగుందని నేను చెప్పగానే తల్లిదండ్రులు సంతోషిస్తారు. వెంటనే పాట అన్నం పెడుతుందా అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. దానికి నాకు తెలిసిన జవాబుల్లో ఘంటసాల గారి జీవితమే అన్నిటికంటే నిజాయితీ గలది. అందులో పెడుతుందన్న మాటా ఉంది, పెట్టదన్న మాటా ఉంది.

మన ఊరివాళ్లకు ఈ సంగతి సులువుగానే అర్థమవుతుంది. మన బడిలో చదివిన పిల్లల్లో సగం మంది ఇళ్లలో కవరింగ్ నగల పని జరిగేది. రాగి మీద బంగారు పూత వేసే ఆ పనిలో చేసినన్ని వస్తువులకే కూలి. ముహూర్తాలు ఉన్న నెలల్లో రాత్రుళ్లు కూడా దీపం ఆరదు. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా పొయ్యి వెలగడమే కష్టం. పాటవాడి బతుకూ ముహూర్తాల బతుకే. నెల మొదటి తారీఖు అతనికి ఏమీ తేదు. ఇవాళ ఏ సంస్థకూ కట్టుబడకుండా సొంతంగా పాడుకుని బతికేవాళ్లను స్వతంత్ర సంగీతకారులు అంటున్నారు. పేరు కొత్తదే గాని బతుకు పాతదే.

పాతకాలంలో ఈ బతుక్కి ఒక గొడుగు ఉండేది. కృష్ణాతీరంలో సంగీతం జమీందార్ల వల్లా, అగ్రహారాల వల్లా, ఊరి పెద్దల వల్లా నిలిచింది. దివిసీమలోని పెదకళ్లేపల్లిలో సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు శిష్యులను తన ఇంట్లోనే ఉంచుకుని చదువు చెప్పారు. త్యాగరాజస్వామి శిష్యుడైన మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారి దగ్గర నేర్చుకుని ఆ విద్యను మన గడ్డకు తెచ్చినవారు ఆయనే. ఆయన శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. పంతులు గారి శిష్యుడే బాలమురళీకృష్ణ. ఈ పరంపరలో గురువు అన్నం పెట్టాడు, ఊరు గురువుకు అన్నం పెట్టింది. ఘంటసాల గారు పుట్టేనాటికి ఆ గొడుగు చిరగడం మొదలైంది. 1948లో మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం వచ్చేసరికి దాని కాడ కూడా మిగల్లేదు. సరిగ్గా ఆ రెండు కాలాల మధ్య ఆయన పెరిగారు. అందుకే ఆయన జీవితం ఒక్క మనిషి కథ మాత్రమే కాదు.

ఆయన 1922 డిసెంబరు 4న పుట్టారు. తండ్రి సూరయ్య గారు మృదంగం వాయించేవారు, నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. తల్లి రత్తమ్మ గారు. తండ్రి భుజాల మీద ఊరేగుతూ, ఆయన పాడే తరంగాలకు అడుగులు వేస్తూ పిల్లవాడు భజన గోష్ఠుల్లో పెరిగాడు. ఊళ్లవాళ్లు ముద్దుగా బాలభరతుడని పిలిచేవారు. పదకొండేళ్ల వయసులో తండ్రి పోయారు. పోయే ముందు కొడుకును సంగీతం బాగా నేర్చుకోమని కోరారట. ఆయన ఇచ్చి వెళ్లిన ఆస్తి ఆ కోరిక ఒక్కటే. కుటుంబం భారం మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య గారి మీద పడింది.

ఒక పెళ్లి సభలో విద్వాంసులతో పోటీపడి పాడబోయి నవ్వులపాలయ్యారని, ఆ అవమానంతోనే శాస్త్రం నేర్చుకోవాలని పట్టుపట్టారని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. ఆ పట్టుదలతో ఒకరిద్దరు సంగీతజ్ఞుల ఇళ్లలో చేరారు. ఒకచోట బట్టలు ఉతికారు, మరొకచోట వంట చేశారు. చాకిరీ మిగిలింది గాని చదువు పెద్దగా సాగలేదు. చివరికి వేలి ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకు అమ్మి విజయనగరం రైలెక్కారు.

విజయనగరమే ఎందుకంటే, అక్కడ 1919లో పూసపాటి రాజులు స్థాపించిన సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి అధ్యక్షులు. ఘంటసాల గారు వెళ్లేనాటికి వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ స్థానంలో ఉన్నారు. తీరా వెళ్లేసరికి అవి వేసవి సెలవులు. కొన్నాళ్లు కళాశాలలోనే తలదాచుకున్నారు. ఆ నీడ కూడా పోయాక ఊళ్లో ఒక గుడిలో పడుకున్నారు. అక్కడే పట్రాయని సీతారామశాస్త్రి గారి కంట పడ్డారు. శాస్త్రి గారు ఆ కళాశాలలో గాత్రం చెప్పేవారు. కుర్రవాణ్ణి ఇంటికి పిలిచి డబ్బు తీసుకోకుండా పాఠం మొదలుపెట్టారు. పాఠం ఉచితంగా చెప్పగలిగారు గాని, రెండు పూటలా అన్నం పెట్టగల స్తోమత ఆయనకు లేదు.

దాంతో ఘంటసాల గారు జోలె కట్టుకుని మాధుకరానికి వెళ్లారు. వేదం చదివే పిల్లలు ఇంటింటికీ వెళ్లి అన్నం తెచ్చుకోవడం ఆ రోజుల్లో ఉన్న ఆచారమే. అయినా చేయి చాచేవాడికి అది ఆచారమని సిగ్గు తగ్గదు. తెచ్చుకున్న అన్నంలో కొంత రాత్రికి గుడ్డలో దాచుకుంటే చీమలు పట్టేవట. ఆయన కీర్తిని చెప్పే సభల్లో ఈ ఘట్టాన్ని అందరూ కళ్లనీళ్లతో చెబుతారు. నాకు మాత్రం దీంట్లో లెక్క కనిపిస్తుంది. ఆ చదువుకు అయిన ఖర్చును విజయనగరం వీధుల్లో పేర్లు తెలియని ఇల్లాళ్లు గుప్పెడు గుప్పెడుగా కట్టారు. తెలుగు సినిమా పాటకు మొదటి పెట్టుబడి పెట్టింది వాళ్లే.

నాలుగేళ్ల చదువును ఆయన రెండేళ్లలో పూర్తిచేశారు. చేతికి పట్టా వచ్చింది. పట్టాతో ఉద్యోగం రాలేదు. చౌటపల్లికి తిరిగివచ్చి పిల్లలకు పాఠాలు చెబుతూ, ఉత్సవాల్లో, పెళ్లిళ్లలో పాడుతూ గడిపారు. ఈనాడు మన జిల్లాలో సంగీతం మీద బతికే వందమంది చేస్తున్న పని ఇదే, అచ్చంగా ఇదే. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దూకి జైలుకు వెళ్లారు. బళ్లారి దగ్గరి అలీపురం జైలులో ఉన్న రోజుల్లో తోటి ఖైదీలకు పాటలు పాడేవారు. బయటికి వచ్చాక 1944 మార్చి 4న సావిత్రి గారితో పెళ్లి జరిగింది. తన పెళ్లికి తానే కచేరీ చేశారు. చదివినవాళ్లు దీన్ని సరదా ముచ్చటగా చెప్పుకుంటారు. పెళ్లిళ్లలో పాడేవాడి ఇంట పెళ్లి జరిగితే పాటగాడికి డబ్బివ్వనక్కర్లేదన్న సంగతి మాత్రం నా బోటివాడికే తడుతుంది.

సముద్రాల రాఘవాచార్య గారిది అత్తవారి వైపు ఊరైన పెదపులివర్రు. ఊరికి వచ్చినప్పుడు ఆయన ఈ కొత్త అల్లుడి పాట విన్నారు, మద్రాసు రమ్మన్నారు. రమ్మన్నంత మాత్రాన రైలు టికెట్టు రాదు. కొన్ని కచేరీలు చేసి కొంత కూడబెట్టుకుని, కొంత అప్పు చేసి వెళ్లారు. సముద్రాల వారి ఇల్లు చిన్నది. వారిని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక పానగల్ పార్కు దగ్గర ఒక కాపలాదారు గదిలో కాస్త అద్దెకు చేరారు. పగలంతా పనికోసం తిరగడం, రాత్రికి ఆ గదికి రావడం. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు కూడా నిండలేదు.

ఆ రోజుల్లో ఆయన దేనితో బతికారో చూడండి. మద్రాసు రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు లలిత సంగీతం పాడించారు. గ్రామఫోను కంపెనీలో మొదట ఆ గొంతు నచ్చలేదు. తరువాత అక్కడే పనిచేస్తున్న పేకేటి శివరాం గారు పట్టుబట్టి రికార్డు చేయించారు. ఘంటసాల బలరామయ్య గారి సీతారామ జననంలో బృందంలో గొంతు కలిపారు, చిన్న వేషమూ వేశారు. నాగయ్య గారి త్యాగయ్యలో, యోగి వేమనలో కూడా చిన్న చిన్న వేషాలు దొరికాయి. సంగీత దర్శకులకు సహాయకుడిగా పనిచేశారు. అంటే రేడియో నుంచి కొంత, రికార్డు నుంచి కొంత, కోరస్ నుంచి కొంత, వేషం నుంచి కొంత. ఒక్కటి కూడా కడుపు నింపేది కాదు. అన్నీ కలిస్తే నెల గడుస్తుంది. పాట మీద బతకాలనుకునే పిల్లలకు నేను ఈ నాలుగేళ్ల కథే ఎక్కువసార్లు చెబుతాను. ఒకే తలుపు దగ్గర నిలబడి తట్టేవాడు అలిసిపోతాడు. ఆయన నాలుగు తలుపులు తడుతూ, ఏది కొంచెం తెరుచుకుంటే అందులోంచి దూరారు.

అదృష్టం కలిసిరాలేదని అనను. కాలం ఆయన వైపు తిరిగింది. తొలి టాకీల్లో నటుడే పాడాలి. గొంతు ఉన్నవాడికే వేషం. మన ప్రాంతపు నాటకరంగం నుంచి వెళ్లినవాళ్లు అలాగే రాణించారు. తరువాత నేపథ్యగానం వచ్చింది. నటుడి ముఖం వేరు, పాడేవాడి గొంతు వేరు అయ్యాయి. అలా అంతకుముందు లేని ఒక వృత్తి పుట్టింది. 1948లో వచ్చిన బాలరాజులో ఆయన అక్కినేని నాగేశ్వరరావు గారికి పాడారు. ఆ సినిమా ఊళ్లకు ఊళ్లను కదిలించింది. 1949లో కీలుగుర్రానికి సంగీత దర్శకత్వం వహించారు. అదే ఏడాది మనదేశం. నందమూరి తారకరామారావు గారు తెరమీద మొదట కనబడిన సినిమా అది. నిమ్మకూరు, రామాపురం, చౌటపల్లి, మూడూ గుడివాడ చుట్టుపక్కల పల్లెలే. ఇద్దరు నాయకుల ముఖాలూ, వారిద్దరి గొంతూ ఒకే కాలవ నీళ్లు తాగి పెరిగినవి. రామారావు గారికి పాడితే రామారావు గారే పాడినట్టు, నాగేశ్వరరావు గారికి పాడితే ఆయనే పాడినట్టు ఉండేది. ఆ విద్య ఏ కళాశాలలోనూ చెప్పరు.

ఆ తరువాతి పదేళ్లు మనందరికీ తెలిసినవే. షావుకారు, పాతాళభైరవి, పెళ్లిచేసి చూడు. 1953లో సుబ్బరామన్ గారి స్వరకల్పనలో దేవదాసు. 1957లో మాయాబజార్. సాలూరి రాజేశ్వరరావు గారు కొన్ని పాటలకు వరసలు కట్టి తప్పుకున్నాక, మిగతా సంగీతమంతా ఘంటసాల గారే పూర్తిచేశారు. ఒకరు సగంలో వదిలిన పనిని అతుకు కనబడకుండా నిలబెట్టడం ఎంత కష్టమో కవరింగ్ పని తెలిసిన మనవాళ్లను అడగండి. అదే ఏడాది పాండురంగ మహాత్మ్యం వచ్చింది. సంగీతం టి.వి.రాజు గారిది. భక్త నరసింహం గారు 1929లో కట్టించిన పాండురంగస్వామి గుడి ఉన్న మన ఊళ్లో ఆ సినిమా పాటలకు ఎంత విలువో నేను చెప్పనక్కర్లేదు. కార్తీకంలో సముద్ర స్నానానికి వచ్చిన జనం ఇప్పటికీ గుడి మైకులో ఆయన గొంతు వింటూనే లోపలికి అడుగుపెడతారు.

పద్యం గురించి ఒక మాట చెప్పాలి. బందరు నాటకాల వాళ్లం మనం. రంగస్థలం మీద పద్యమంటే రాగం సాగదీయాలి, వన్స్‌మోర్ పడాలి. గ్రామఫోను పళ్లెం ఒక వైపు మూడు నిమిషాలకు కొంచెం పైన మాత్రమే పాడుతుంది. ఆ ఇరుకులో మాట స్పష్టంగా వినబడాలి, రాగం తెలియాలి, భావం గుండెకు తగలాలి. ఘంటసాల గారు ఆలాపనను తగ్గించి, మాటను ముందుకు తెచ్చి పద్యానికి కొత్త నడక ఇచ్చారు. కరుణశ్రీ గారి పుష్పవిలాపం, కుంతీకుమారి రికార్డులు అలా ఇంటింటికీ వెళ్లాయి. పద్యం చదవడం రానివాళ్లకు కూడా ఆ పద్యాలు నోటికి వచ్చాయి. మన బడిలో తెలుగు మాస్టార్లు పద్యం పాడి చెప్పిన తీరు వెనుక ఎవరి గొంతు ఉందో, ఆ తరగతుల్లో కూర్చున్న మీకు ఇప్పుడు గుర్తుకు వస్తుంది.

ఇక కింద పడిన కథ. పేరూ డబ్బూ వస్తున్న రోజుల్లోనే ఆయన సొంతంగా సినిమాలు తీశారు. 1953లో పరోపకారం, 1956లో సొంతవూరు, 1960లో భక్త రఘునాథ్. మూడూ డబ్బు తేలేదు. ఈ తారీఖులను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. దేవదాసు పాటలు రాష్ట్రమంతా మారుమోగిన ఏడాదే ఆయన సొంత సినిమా దెబ్బతింది. ఇతరుల సినిమాలకు ఆ గొంతు కనకవర్షం కురిపించింది. సొంత సినిమాకు వచ్చేసరికి ఆ గొంతు ఒక్కటే చాలలేదు. పాట బాగుంటే సినిమా ఆడుతుందన్న మాటలో కొంతే నిజం. కథ, పంపిణీ, హాళ్లు, పెట్టుబడి వడ్డీ, విడుదల వేళ, ఇవన్నీ పాటగాడి చేతిలో లేనివి.

అయినా ఎందుకు తీశారు? దీనికి ఆయన ఏం చెప్పేవారో ఊహించి రాయను. నా వృత్తిలో ఉన్నవాడిగా నాకు తోచింది చెబుతాను. పాటకింతని తీసుకునేవాడికి పాట అయిపోయాక దానితో సంబంధం తెగిపోతుంది. ఆ సినిమా వందరోజులు ఆడినా, ఆ పాట యాభై ఏళ్లు మోగినా, పాడిన రోజు చేతికందిందే లెక్క. మన దేశంలో సినిమా పాట మీద హక్కు చాలాకాలం నిర్మాతదే. పాటలు కట్టినవారి హక్కుల విషయంలో 1977లో సుప్రీంకోర్టు కూడా నిర్మాతల వైపే చెప్పింది. రచయితలకూ, స్వరకర్తలకూ, పాడేవారికీ పాట వాడుకున్నప్పుడల్లా వాటా రావాలని చట్టం సవరించింది 2012లో. ఘంటసాల గారు పోయిన ముప్పై ఎనిమిదేళ్లకు. అటువంటి రోజుల్లో పాట మీద ఏదైనా హక్కు మిగుల్చుకోవాలంటే నిర్మాత కావడం ఒక్కటే దారి. ఆ దారిలో వెళ్లి మూడుసార్లు దెబ్బతిన్నారు. ప్రతిసారీ మళ్లీ మైకు ముందుకు వచ్చి పాడి నిలదొక్కుకున్నారు. చేతిలో ఉన్న విద్య అప్పు తీర్చగలదన్న ధైర్యం ఉన్నవాడే ఆ పని చేయగలడు.

సంపాదించిన రోజుల్లో ఆయన చేయి ఎలా ఉండేదన్నది కూడా చెప్పాలి. అన్నం పెట్టలేకపోయినా విద్య పెట్టిన గురువును మరిచిపోలేదు. సీతారామశాస్త్రి గారి కుమారుడు పట్రాయని సంగీతరావు గారు మద్రాసులో ఆయన దగ్గర చేరి, చివరిదాకా సహాయకుడిగా, హార్మోనియం తోడుగా ఉన్నారు. హిందుస్తానీ మహావిద్వాంసుడు బడే గులాం అలీఖాన్ మద్రాసు వచ్చినప్పుడు తన ఇంట్లో ఉంచుకుని సేవచేశారు. జోలె పట్టిన చేయి పెట్టే చేయి అయింది. అలాంటి చేతిలో డబ్బు ఎక్కువకాలం నిలవదన్నది కూడా లోకానుభవమే.

1963లో లవకుశ వచ్చింది. డబ్బు లేక మధ్యలో ఏళ్లతరబడి ఆగిపోయిన సినిమా అది. ఆగినన్నాళ్లూ దానికి పనిచేసినవాళ్లందరి శ్రమా పెట్టెల్లోనే ఉంది. విడుదలయ్యాక బళ్లు కట్టుకుని వెళ్లి చూశారు జనం. ఆ పాటలూ పద్యాలూ పల్లెల్లో రామాయణ పారాయణంతో సమానమయ్యాయి. 1970లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆ ఏడాదే హైదరాబాదులో ఆయన సినీ సంగీత జీవితానికి రజతోత్సవం జరిగింది. 1971లో ఐరోపా, అమెరికా వెళ్లి కచేరీలు చేశారు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసుడనే గౌరవమూ దక్కింది. విజయనగరం గుడి అరుగు మీద పడుకున్నవాడు ఇంత దూరం వచ్చాడు.

పైకి ఎక్కినచోటే కాలం మళ్లీ మారింది. అరవైల చివర్లో కొత్త గొంతులు వచ్చాయి. యస్.పి.బాలసుబ్రహ్మణ్యం గారు 1966లో మొదటి పాట పాడారు. తరువాత రామకృష్ణ గారు వచ్చారు. సినిమాలు రంగుల్లోకి, వరసలు కొత్త వాద్యాల్లోకి మారాయి. పద్యాలు తగ్గాయి. అప్పటికే చక్కెర వ్యాధి పట్టుకుంది. 1972లో రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరారు. నెల జీతం ఉన్నవాడికి జబ్బు చేస్తే సెలవు ఉంటుంది. పాటవాడికి గొంతు ఆగితే రాబడి ఆగుతుంది. కోలుకున్నాక మళ్లీ పాడారు. 1973లో వచ్చిన జీవన తరంగాలు, దేవుడు చేసిన మనుషులు సినిమాల్లో ఆయన గొంతు ఉంది. ఆ పాటల్లో అలసట ఎక్కడైనా వినబడుతుందేమోనని నేను చాలాసార్లు చెవి ఒగ్గి విన్నాను. నాకు వినబడలేదు.

ఆ చివరి రోజుల్లోనే ఆయన మనసంతా పెట్టి చేసిన పని భగవద్గీత. వందకు పైగా శ్లోకాలను ఎంచుకుని, తెలుగు తాత్పర్యంతో రికార్డు చేశారు. అది ఏ నాయకుడికీ పాడింది కాదు, ఏ కథలోనూ ఇమిడేది కాదు. ముప్పై ఏళ్లు ఇతరుల ముఖాలకు గొంతు ఇచ్చిన మనిషి, చివరికి తన గొంతును తన పేరుతోనే వినిపించారు. అది జనం చేతికి వచ్చేసరికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. వయసు 51. ఇప్పుడు ఏ ఊళ్లో మైకులో ఆ గీత వినబడినా ఎవరింట్లోనో మనిషి పోయారని అర్థం. బతికున్నవాళ్లకు చెప్పిన గీతను మనం పోయినవాళ్లకు అప్పగించాం. ఆయన వింటే నవ్వుకునేవారేమో. అయినా మన ప్రాంతంలో ఆఖరి ప్రయాణానికి తోడు వచ్చే గొంతు ఆయనదే కావడం ఏ బిరుదుకూ తక్కువ కాదు.

ఇక తల్లిదండ్రుల ప్రశ్న దగ్గరికి వస్తాను. ఈ జీవితం చూసి పాట అన్నం పెడుతుందని ధైర్యం చెప్పవచ్చా? ఘంటసాల గారి వంటి గొంతు వందేళ్లకు ఒకటి వస్తుంది. అంతటి గొంతుకే జోలె తప్పలేదు, పార్కు పక్క గది తప్పలేదు, మూడుసార్లు నష్టం తప్పలేదు. కనుక గొంతు బాగుంటే చాలునని ఏ పిల్లవాడికీ నేను చెప్పను. శాస్త్రం పూర్తిగా నేర్చుకోమంటాను. ఒక వాద్యం పట్టుకోమంటాను. పాడటంతోపాటు వరస కట్టడం, నేర్పడం, రికార్డింగు సంగతులు తెలుసుకోమంటాను. ఘంటసాల గారు గాయకుడు మాత్రమే అయ్యుంటే బాలరాజు దాకా బతికి ఉండగలిగేవారా అన్నది నా అనుమానం. సహాయకుడి పని, వరసలు కట్టే పని ఆయనను నిలబెట్టాయి. పదో తరగతి, ఇంటరు, డిగ్రీ మానమని మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఇవాళ సెల్‌ఫోను ముందు కూర్చుని పాడి లోకానికి వినిపించవచ్చు. తలుపులు పెరిగాయి. తలుపుకు తలుపుకు మధ్య ఆకలి మాత్రం తగ్గలేదు. లక్షమంది విన్న పాటకు నెల అద్దె కూడా రాని శిష్యులు నాకున్నారు.

పిల్లవాడు చేయగలిగింది అంతవరకే. మిగతాది వినేవాళ్ల చేతిలో ఉంది. ఘంటసాల గారి జీవితంలో నాకు ఎప్పుడూ గుర్తుండేవి మూడే ఘట్టాలు. విజయనగరం ఇల్లాలు జోలెలో వేసిన గుప్పెడు అన్నం. జీతం అడగకుండా గురువు చెప్పిన పాఠం. కంపెనీ వద్దన్న గొంతును పట్టుబట్టి పాడించిన శివరాం గారి మొండితనం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మనకు ఆ గొంతు లేదు. ఆ ముగ్గురిలో ఒక్కరూ ధనవంతులు కారు.

మన సంఘంలో ఇప్పుడు డాక్టర్లు, ఇంజనీర్లు, వ్యాపారులు, విదేశాల్లో స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. మన ఇళ్లలో పెళ్లిళ్లకు, షష్టిపూర్తులకు, గుడి ఉత్సవాలకు పాటకచేరీలు పెట్టిస్తూనే ఉంటాం. పూలవాడికీ, షామియానావాడికీ, వంటవాడికీ ముందే బయానా ఇస్తాం. పాటవాడి దగ్గరికి వచ్చేసరికి తరువాత చూద్దామంటాం, శాలువా కప్పుతాం, జ్ఞాపిక ఇస్తాం. నా ఇంట్లో శాలువాలు ఒక బీరువా నిండా ఉన్నాయి. ఒకసారి ఒక పెళ్లివారు రాత్రి పన్నెండు దాకా పాడించుకుని, డబ్బు మర్నాడు ఇస్తామన్నారు. ఆ మర్నాడు ఇంకా రాలేదు. పేరు చెప్పను. అలాంటివారు అన్ని ఊళ్లలోనూ ఉంటారు.

అందుకే స్వర్ణోత్సవ సంఘం వారికి నాదొక మనవి. ఈ ఉత్సవాల్లో మన బడి పిల్లలు పాడబోతున్నారు, ఊళ్లోని వాద్యకారులు వాయించబోతున్నారు. శాలువాలు తగ్గించండి. వేదిక దిగేలోపు ఎవరి డబ్బు వారి చేతిలో కవరులో పెట్టి ఇవ్వండి. పిల్లలకు కూడా ఇవ్వండి, కొద్దిపాటి మొత్తమైనా సరే. పాటకు ఒక ధర ఉంటుందని వాళ్లకు చిన్నప్పుడే తెలియాలి. వీలైతే ఏటా ఒక్క పిల్లవాడికో పిల్లకో సంగీతం చదువుకు అయ్యే ఖర్చు సంఘం పెట్టుకోవాలి. చదివేవాళ్లు విజయనగరం వెళతారో, విజయవాడ వెళతారో, ఇక్కడే మా బోటివాళ్ల దగ్గర నేర్చుకుంటారో అది వాళ్ల ఇష్టం. అన్నం మూట చీమల పాలు కాకుండా చూస్తే చాలు.

ఆ జాబితాలో మొదటి పేరు రాసే రోజున నా వంతు చందా నేను ఇస్తాను. ఈ నెలలో ముహూర్తాలు బాగానే ఉన్నాయి.